ముప్పై ఒకటో గుడ్డు

2007 ఏప్రిల్ 7, శనివారం ఉదయం ఆరు గంటలకు, గోదావరిఖనిలో ఒక చర్చి నడిపే నర్సరీలో యేసమ్మ ముప్పై ఒక్క కోడిగుడ్లు ఉడకబెట్టింది. నర్సరీలో పిల్లలు ముప్పై ఒక్కరు. మర్నాడు ఈస్టరు.

బొగ్గుపొయ్యిని చీకటి ఉండగానే వాకిట్లో వెలిగించింది. పొగ పోయి నిప్పు ఎర్రబడేదాకా పొయ్యి బయటే ఉండాలి. ఆ తర్వాత దాన్ని రెండు చెవులూ పట్టుకుని లోపలికి మోసుకొచ్చింది. పెళ్ళయి ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి రోజూ చేసే పనే. ఎడమ మోచేతికి కాలిన మచ్చ ఉంది. అది ఎప్పటిదో ఆమెకు గుర్తు లేదు.

యేసమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. నర్సరీలో ఆయా. పిల్లల ముక్కులు తుడవడం, అన్నం పెట్టడం, పడుకోబెట్టడం, తడిసిన నిక్కర్లు ఉతికి ఆరేయడం ఆమె పని. పిల్లలు, పిల్లల తల్లులు, ఒకప్పుడు అక్కడే ఆడుకుని ఇప్పుడు గనిలో డ్యూటీ చేస్తున్నవాళ్ళు, అందరూ ఆయమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు మిగిలారు.

భర్త తీతు గనిలో టింబర్‌మాన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. అతను నిలబెట్టిన చోట కప్పు కూలి ఎవరూ పోలేదు. రిటైరై ఏడాది తిరక్కముందే ఊపిరితిత్తులు చెడి అతనే పోయాడు. క్వార్టరు కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. వాళ్ళకు పిల్లలు లేరు. చర్చి కమిటీ నర్సరీ వెనక గది ఇచ్చింది. ఆయా పని ఉన్నంతకాలం గది ఉంటుంది. మందమర్రిలో ఒక చెల్లెలు ఉంది. ఆమె ఇంట్లో కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు రెండు గదుల్లో ఉంటారు.

గుడ్లు చల్లారేలోగా యేసమ్మ మూలనున్న డబ్బా మూత తీసి చూసింది. తీతు సమాధికి వేయాల్సిన సున్నం అందులో నానుతోంది. ఈస్టరుకు ముందు సమాధులు కడిగి సున్నం వేస్తారు. పండుగనాడు తెల్లవారుజామున సంఘమంతా శ్మశానానికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తుంది. అందులోంచి గరిటెడు సున్నం గిన్నెలోకి తీసి, పసుపు కలిపింది. కలుపుతుండగానే ఎర్రబడింది.

గుడ్లకు రంగులు వేయించాలన్న ఆలోచన టీచర్ ఎవాంజెలిన్‌ది. ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. రోజూ బసంత్‌నగర్ నుంచి బస్సులో వస్తుంది. తండ్రి అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆమె శిక్షణకు హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక పుస్తకం ఇచ్చారు. అందులో ఈస్టరు పేజీలో పక్షిగూడు, గూట్లో రంగుల గుడ్లు ఉన్నాయి. గుడ్డు పైకి రాయిలాగా ఉంటుంది, లోపల ప్రాణం ఉంటుంది, ఏసుప్రభువు సమాధి కూడా అలాంటిదే అని పిల్లలకు చెప్పాలని కింద రాసి ఉంది. యేసమ్మ పుట్టడమే క్రైస్తవుల ఇంట్లో పుట్టింది. గుడ్లకు రంగు వేస్తారని ఎన్నడూ వినలేదు.

గురువారం క్రేయాన్లతో ఒక గుడ్డు మీద గీసి చూశారు. రంగు నిలవలేదు. బజారులో హోలీ రంగులు మిగిలి ఉన్నాయి కానీ, పిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకుంటారని ఎవాంజెలిన్ కొనలేదు.

"పసుపుంది గద టీచరమ్మా," అంది యేసమ్మ. "నోట్లె పెట్టుకున్నా ఏం గాదు."

"పసుపుపచ్చ ఒక్కటేనా ఆయమ్మా? ఇంకో రంగన్న ఉండాలె."

"పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది. తీతు సమాధికి సున్నం తెచ్చిపెట్టిన. గరిటెడు తీస్త."

ఎవాంజెలిన్ చప్పట్లు కొట్టింది. "ట్రైనింగుకు నన్ను గాదు, నిన్ను పంపాల్సింది."

అక్కడున్న ఇద్దరికీ ఇంకేమీ తట్టలేదు. అమావాస్య మర్నాడు కూడలిలో నిమ్మకాయ, పసుపు పూసిన గుడ్డు కనపడితే యేసమ్మ కూడా అందరిలాగే పిల్లలను చెయ్యిపట్టి పక్కకు లాగి నడిపించేది. ముప్పై ఏళ్ళుగా ఆ గల్లీల్లో తిరుగుతున్న మనిషి. కానీ అది మట్టిలో పడి ఉన్న గుడ్డు. ఇది పళ్ళెంలో ఉన్న గుడ్డు. ఆ రెండూ ఆమె తలలో ఒక్కచోటికి రాలేదు.

తొమ్మిదింటికి పిల్లలు వచ్చారు. ఎవాంజెలిన్ ఒక్కో గుడ్డు మీద ఒక్కో పేరు పెన్సిల్‌తో రాసింది. ఆ తర్వాత పిల్లలు వరసగా వచ్చి ఎవరి గుడ్డును వాళ్ళు పసుపునీళ్ళ తట్టలో ముంచి తీశారు. పేర్లు చెరగలేదు. సున్నం చేతులకు తగలకూడదని యేసమ్మ అగ్గిపుల్లల చివర్లకు దూది చుట్టి ఉంచింది. వాటిని ఎర్రనీళ్ళలో అద్ది గుడ్డు మీద చుక్కలు పెట్టాలి. కొందరు మూడు పెట్టారు. కొందరు గుడ్డంతా పూశారు. ఒకడు తన గుడ్డును గోడకు కొట్టి, పెంకు ఒలిచి తినేశాడు. ఎవాంజెలిన్ తిట్టబోతే యేసమ్మ ఆపింది.

"తిననియ్యి టీచరమ్మా. గుడ్డు తినేటందుకే గద ఉన్నది."

మోదుగాకు దొప్పల్లో ఎండుగడ్డి పరిచి గూళ్ళు చేశారు. గూట్లో గుడ్డు పెట్టుకుని పిల్లలు చాప మీద కూర్చున్నాక ఎవాంజెలిన్ కథ చెప్పింది. ప్రభువును సమాధిలో పెట్టారు. వాకిలికి పెద్ద రాయి అడ్డం దొర్లించారు. మూడోనాడు తెల్లవారకముందే ఆడవాళ్ళు వెళ్ళి చూస్తే రాయి పక్కకు దొర్లి ఉంది.

"రాయి ఎవలు తీసిండ్రో చెప్పండి?"

వెనక నుంచి ఒక పిల్ల లేచింది.

"రెస్క్యూవాళ్ళు తీసిండ్రు టీచర్."

వాళ్ళ నాన్న గనిలో పనిచేస్తాడు. రాయి పడితే రెస్క్యూ టీం వస్తుందని ఆ పిల్లకు తెలుసు. ఎవాంజెలిన్ నవ్వింది. దేవదూత తీసిందని చెప్పింది. దేవదూత ఏ షిఫ్టుకు వచ్చిందని ఇంకొకడు అడిగాడు. యేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే చూశానని ఎవాంజెలిన్ తర్వాత చెప్పింది.

పన్నెండింటికి తల్లులు వచ్చి పిల్లలను తీసుకెళ్ళారు. ఎవరి గూడు వాళ్ళ చేతిలో ఉంది. ఒక తల్లి గుడ్డు చూసి, "ఇదేంది ఆయమ్మా, పెండ్లికొడుకును జేసినవా దీన్ని?" అంది. ఎవాంజెలిన్ సెలవు ముందు బస్సు దొరకదని పరుగెత్తింది.

పళ్ళెంలో ఒక గుడ్డు మిగిలింది. దాని మీద సారలమ్మ అని పేరు ఉంది.

సారలమ్మకు మూడేళ్ళు దాటాయి. మేడారం జాతర ఏడు పుట్టిందని ఆ పేరు పెట్టారు. మధ్యాహ్నం పూట చాప మీద పడుకోదు. యేసమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఆ కాళ్ళ మీదే పడుకుంటుంది. తండ్రి రఘుపతి కూడా ఈ నర్సరీలో పెరిగినవాడే. ఇప్పుడు ఇంక్లైన్ గనిలో, బొగ్గు టబ్బులను పైకి లాగే హాలేజీ మీద డ్యూటీ. రఘుపతి తల్లి పూలమ్మ, యేసమ్మ ఒకప్పుడు పాత క్వార్టర్ల లైనులో ఒకే గోడకు అటూ ఇటూ కాపురం ఉన్నారు. తీతు పోయిన తర్వాత రెండు రోజులు యేసమ్మ ఏమీ ముట్టకపోతే, మూడోరోజు పూలమ్మ వచ్చి దవడలు పట్టుకుని గంజి పోసింది.

గురువారం సారలమ్మ, "నాకు ఎర్రయి ఎక్కువ పెట్టాలె," అని చెప్పి వెళ్ళింది. శనివారం జ్వరమని రాలేదు. యేసమ్మ ఆ గుడ్డును తనే పసుపునీళ్ళలో ముంచింది. అగ్గిపుల్లతో దాని చుట్టూ చుక్కలు పెట్టింది. దొప్పలో గడ్డి పరిచి, గుడ్డు పెట్టి, తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుని బయలుదేరింది.

ఆమె ఏమీ తినలేదు. శ్రమదినాల నలభై రోజులూ పొద్దుగూకినాక ఒకపూట తింటుంది. గుడ్ ఫ్రైడే నాడు మాత్రం అది కూడా లేదు. శనివారం మొదలు, ఆదివారం తెల్లవారుజామున ఈస్టరు ఆరాధన అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఆమె పెట్టుకున్న లెక్క. తీతు పోయినప్పటి నుంచి ఇలాగే ఉంటోంది. సంఘంలో ఇంకెవరూ ఇంత కఠినంగా ఉండరు. పాస్టరుగారు వద్దన్నా వినలేదు.

రఘుపతి క్వార్టరు తలుపుకు తాళం ఉంది. ఆ వేళకు గల్లీలో ఎవరూ లేరు. ఫస్టు షిఫ్టు వాళ్ళు గనిలో ఉన్నారు, నైటు షిఫ్టు వాళ్ళు తలుపులు వేసుకుని నిద్రపోతున్నారు. యేసమ్మ రెండుసార్లు పిలిచింది. పిల్లను దవాఖానకు తీసుకుపోయి ఉంటారనుకుంది. గుడ్డు తిరిగి తీసుకుపోతే సోమవారానికి పాడవుతుంది. దొప్పను గడప మీద పెట్టింది. కాకి చూస్తే ఎత్తుకుపోతుందని వాకిట్లో వేపచెట్టు రెమ్మ ఒకటి విరిచి పైన కప్పింది. తిరిగి వచ్చి గిన్నెలు తోమింది.

ఐదింటికి సున్నం డబ్బా, కుంచె తీసుకుని శ్మశానానికి బయలుదేరింది. దారి మళ్ళి రఘుపతి వాళ్ళ గల్లీలోకి వచ్చింది. పిల్ల జ్వరం ఎలా ఉందో అడిగి పోదామని.

గల్లీ నిండా జనం ఉన్నారు. రఘుపతి క్వార్టరు ముందు అర్ధచంద్రంగా నిలబడ్డారు. మధ్యలో ఖాళీ ఉంది. గడప మీద దొప్ప అలాగే ఉంది. పక్క క్వార్టరులో ఉండే సారవ్వ నేల మీద మోకాళ్ళ మీద ఉంది. ఆమె కాంట్రాక్టు కింద కంపెనీ రోడ్లు ఊడుస్తుంది, భర్త లేడు. రఘుపతి మేనమామ సదయ్య ఆమె జుట్టు చేతికి చుట్టుకుని ఉన్నాడు.

"నిన్న నీళ్ళు పట్టేటప్పుడు నల్ల కాడ మా రమను ఏమన్నవ్? నీ ఇల్లు కూల అన్నవా, లేదా?"

"అన్న. నల్ల కాడ అందరం అనుకుంటం. గుడ్డు నేను పెట్టలే సదయ్యా, నీ కాల్మొక్త."

"మరి దానంతటదే నడ్సుకుంట వచ్చిందా?"

ఎవరో నవ్వారు. సదయ్య జుట్టు ఇంకో చుట్టు తిప్పాడు.

పూలమ్మ యేసమ్మను చూసింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "యేసక్కా, ముందటికి రాకు, తొక్కుతవ్. సూడు, మా ఇంటి మీద ఎంత పని జేసిండ్రో. పసుపు, ఎర్రసుక్కలు, ఏపరెమ్మ. పొల్ల పేరు గూడ రాసిండ్రు. రెండొద్దుల సంది జరం ఊకెనే వచ్చిందనుకున్నమా."

యేసమ్మ గడప వైపు చూసింది. సారవ్వ వైపు చూసింది. డబ్బా కింద పెట్టింది.

"గుడ్డు నేను పెట్టిన," అంది.

పూలమ్మ ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. గొంతు తగ్గించింది. "నువ్వు గాదు. నువ్వు గాదని చెప్పక్కా. ఎవల్నో కాపాడేటందుకు అంటున్నవ్."

"నేనే పెట్టిన పూలమ్మా. పిల్లదాని గుడ్డు అది. తలుపుకు తాళముంటే గడప మీద పెట్టిపోయిన. సారవ్వను ఇడ్వుండ్రి."

సదయ్య చెయ్యి వదిలాడు. సారవ్వ లేచింది. యేసమ్మ ముఖం వైపు చూడకుండా తన క్వార్టరులోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. ఆ తలుపు ఆ సాయంత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

అందరూ యేసమ్మ చేతులు చూశారు. మణికట్ల దాకా పసుపు ఉంది. గోళ్ళలో ఎరుపు ఉంది. పక్కన సున్నం డబ్బా ఉంది.

రఘుపతి డ్యూటీ నుంచి వచ్చి ఇంకా స్నానం చేయలేదు. ముఖం మీద బొగ్గు అలాగే ఉంది. "ఆయమ్మా," అన్నాడు. "నా బిడ్డ పేరెందుకు రాసినవ్?"

"నేను రాయలే బిడ్డా. టీచరమ్మ రాసింది. అందరి పేర్లు రాసింది. అందరి పిల్లలు తీస్కపోయిండ్రు. రేపు ఈస్టరు గద, ఆట లెక్క జేయించినం. మీ ఇండ్లల్ల సూడుండ్రి, అన్ని గిట్లనే ఉంటయ్."

తనకు సాక్ష్యమవుతుందని ఆమె చెప్పిన మాట అది. వింటున్న ఆడవాళ్ళలో నర్సరీకి పిల్లలను పంపేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె ఇంటి వైపు పరుగెత్తింది. మిగతావాళ్ళు వెనకాలే పరుగెత్తారు.

"అందరి ఇండ్లల్లకు పంపిందట," అని ఎవరో అన్నారు. "నాల్గు లైన్లకు పంపిందట."

సారలమ్మ తల్లి రమ అప్పటిదాకా పిల్లను భుజాన వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుంచే మాట్లాడింది. "నీకు పిల్లలు లేకపాయె. అందుకేనా మా పిల్లల మీద పడ్డవ్?"

యేసమ్మ గడప దగ్గరికి నాలుగడుగులు వేసింది.

"తింట," అంది. "మీ అందరి ముందట తింట. ఉడికిన గుడ్డే అది. నాకేమన్న అయితే అయితది."

వంగి దొప్ప మీద చెయ్యి వేయబోయింది. సదయ్య ఆమె కొంగు పట్టి వెనక్కి లాగాడు. అతని రెండో చేతిలో సెల్‌ఫోన్ ఉంది. పక్క ఊరి పోశం లైన్లో ఉన్నాడు. పోశం చేతబళ్ళు తీస్తాడని పేరు. ఆ రోజు ఒక పెండ్లికి వెళ్ళి ఉన్నాడు. ఫోనులోంచి బ్యాండు మోత వినపడుతోంది. సదయ్య స్పీకరు పెట్టాడు.

"ఎవ్వలు ముట్టద్దు," అన్నాడు పోశం. "పెట్టినోల్లు తింటమంటరు. తిననియ్యద్దు. తింటే కట్టు గట్టివడ్తది, ఇగ నాతోని గూడ కాదు. గంప బోర్లేసి, గంప మీద బండరాయి పెట్టుండ్రి. సోమారం పొద్దుగాల్ల వస్త."

"ఇయ్యాల్ల రారాదే అన్నా?"

"పెండ్లిల ఉన్న. సోమారం అంటున్న గద. అందాక ఆ గడప దాటకుండ్రి, ఎనుక తలుపుకెళ్ళి తిరుగుండ్రి."

సదయ్య గంప తెచ్చాడు. రఘుపతి వాకిట్లో ఉన్న బండరాయి ఎత్తాడు. బట్టలు ఉతికే రాయి అది. గంప దొప్ప మీద బోర్లించి, రాయి పైన పెట్టారు. యేసమ్మ చూస్తూ నిలబడింది.

సదయ్య చెయ్యి ఎత్తాడు. రఘుపతి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మామా. పో ఆయమ్మా, నువ్వు పో. ఇగ మా గల్లీకి రాకు."

పూలమ్మ అరుగు మీద కూలబడి ఉంది. తల ఎత్తలేదు. యేసమ్మ డబ్బా, కుంచె తీసుకుంది.

గల్లీ చివర మురికికాల్వ ఉంది. అప్పటికే కాల్వలో గుడ్లు పడుతున్నాయి. కొన్ని పగిలాయి, కొన్ని పగలలేదు. పసుపు, ఎరుపు, పెన్సిల్ పేర్లు. ఒక ఇంట్లోంచి పిల్లవాడి ఏడుపు వినపడింది, నా గుడ్డు, నా గుడ్డు అని. వాడి వీపు మీద దెబ్బ పడిన చప్పుడు వినపడింది. రెండు కుక్కలు కాల్వ దగ్గరికి వచ్చాయి. ఒక ముసలాయన రాళ్ళు విసిరి వాటిని తరిమాడు, కుక్కలు చస్తాయని.

మెయిన్‌రోడ్డు మీద శాంతిరాజ్ స్కూటరు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఆయన రిటైరైన క్లర్కు, చర్చి కమిటీ కార్యదర్శి. గుడ్లు కొని ఇచ్చింది ఆయనే. అప్పటికి ఆయనకు నాలుగు ఫోన్లు వచ్చాయి.

"ఎందుకు ఒప్పుకున్నవక్కా?" అన్నాడు.

"పెట్టిన గదయ్యా."

"పెట్టినవ్. పెట్టిన అని నల్గురి ముందట చెప్పాల్నా?"

"సారవ్వను కొడ్తున్నరు."

శాంతిరాజ్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సోమవారం ఒక్క పిల్ల గూడ రాదు. పిల్లలు రాకపోతే నర్సరీ బందు పెడ్తరు. బందు పెడ్తే ఎవాంజెలిన్ ఉద్యోగం గూడ పోతది. నువ్వు కొన్నొద్దులు మందమర్రికి పో. మీ చెల్లె కాడ ఉండు. ఇది సల్లవడ్డంక కమిటీల మాట్లాడుత."

"ఎన్నొద్దులు?"

ఆయన చెయ్యి చాపాడు. "గది తాళంచెవి నాకియ్యి. ఎవలన్న వచ్చి ఏమన్న చేస్తే కష్టం. నీ పెట్టె, బట్టలు నేనే పంపిస్త."

యేసమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి ఇచ్చింది. అది పసుపుపచ్చగా ఉంది. ఆయన రుమాలుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. స్కూటరు ఎక్కి, స్టార్టు చేసి, మళ్ళీ ఆపాడు.

"రేపు తెల్లారి ఆరాధనకు గూడ రాకక్కా. జనం చూస్తరు. పండుగనాడు లొల్లి వద్దు."

"తీతు సమాధికి సున్నమెయ్యాలె."

"ఏసిపో. బస్సు తొమ్మిదింటిదాక ఉంటది."

ఆమె సరే అంది. ఆమె దగ్గర బస్సు టికెట్టుకు చిల్లర ఉందో లేదో ఆయన అడగలేదు. ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చిందని తర్వాత చెప్పాడు.

శ్మశానం గోదావరి వైపు పోయే దారిలో ఉంది. పొద్దు వాలింది కానీ నేల సెగ తగ్గలేదు. ఆ నెలలో వడదెబ్బకు పోయినవాళ్ళ వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. శ్మశానంలో పొద్దున్నే చాలామంది వచ్చి వెళ్ళారు, సమాధులు చాలావరకు తెల్లబడి ఉన్నాయి. ఆ వేళకు గ్లోరియా ఒక్కతే మిగిలింది. కంపెనీ ఆఫీసులో టైపిస్టు. వాళ్ళ అమ్మ సమాధికి సున్నం వేసి చేతులు కడుక్కుంటోంది. గల్లీలో జరిగింది ఆమెకు తెలియదు. యేసమ్మ చెప్పలేదు.

"ఇంత ఆలస్యంగ వచ్చినవేంది ఆయమ్మా? రా, నేను గూడ ఓ చెయ్యేస్త."

"వద్దు బిడ్డా. ఎప్పుడు నేనే ఏస్త."

యేసమ్మ సమాధి మీది ఎండుటాకులు కొంగుతో ఊడ్చింది. తలవైపు నుంచి మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి సమాధి అంచు మీద చెయ్యి ఆనించి నిలబడింది. గ్లోరియా సీసాలో నీళ్ళు ఇవ్వబోయింది.

"ఒక్కపొద్దు ఉన్న," అంది యేసమ్మ. "రేపు తాగుత."

సున్నం అయిపోయాక బొగ్గుముక్క తీసి రాతిమీద పేరు దిద్దింది. ఆమె బడికి పోలేదు. నర్సరీలో పిల్లల పలకలు తుడుస్తూ తుడుస్తూ అక్షరాలు నేర్చుకుంది. త, గుడిదీర్ఘం. త, కొమ్ము. రెండక్షరాలూ దిద్ది పక్కన కూర్చుంది.

"పోదామా ఆయమ్మా? చీకటి పడ్తది."

"నువ్వు పో బిడ్డా. నేను బస్సుకు పోవాలె. జెరసేపు కూసుంట."

గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆమె సమాధికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉందని గ్లోరియా చెప్పింది. నర్సరీలో పిల్లలను పడుకోబెట్టేటప్పుడు అలాగే కూర్చుంటుందని చెప్పింది. గ్లోరియా కూడా చిన్నప్పుడు ఆ కాళ్ళ మీద పడుకున్నదే.

ఆదివారం తెల్లవారకముందే సంఘం కొవ్వొత్తులు పట్టుకుని వచ్చింది. యేసమ్మ అలాగే కూర్చుని ఉంది. ముందు వచ్చినవాళ్ళు ప్రార్థన చేసుకుంటోందనుకున్నారు. ఆమె కనపడేసరికి శాంతిరాజ్ ముఖం ముడుచుకున్నాడు, రావద్దన్నా వచ్చిందని. పునరుత్థానం పాట పాడారు. పాట అయిపోయి అందరూ లేచి నిలబడ్డా ఆమె లేవలేదు. ఎవాంజెలిన్ వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరు వడదెబ్బ అన్నాడు. మధ్యాహ్నం తీతు పక్కనే పెట్టారు. మందమర్రి నుంచి చెల్లెలు వచ్చింది. పూలమ్మ శ్మశానం గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా, శవపెట్టె మోసినవాళ్ళు బయటికి వచ్చేదాకా నిలబడి వెళ్ళింది.

సారలమ్మ జ్వరం ఆదివారం ఉదయానికే తగ్గింది. శనివారం దవాఖానలో రక్తపరీక్ష చేసి మలేరియా మాత్రలు ఇచ్చారు. గంప బోర్లించినందుకే తగ్గిందని గల్లీలో చెప్పుకున్నారు. పిల్ల లేచి కూర్చుని అన్నం తింది. తన గుడ్డు ఏదని అడిగింది.

సోమవారం నర్సరీకి పిల్లలు రాలేదు. పోశం కూడా రాలేదు. రఘుపతి వెనక తలుపు నుంచి డ్యూటీకి వెళ్ళాడు. గడప మీద గంప బోర్లించి ఉంది. గంప మీద రాయి ఉంది.